స్థిర భృతి, చర భృతి: సామాన్యుని వృద్ధాప్య ధనమును గూర్చిన విచారణ

ఉపోద్ఘాతము

మనుష్యుడు ఆర్జించు కాలమునకు హద్దు కలదు. తిని బ్రదుకవలసిన కాలమునకు హద్దు తెలియదు. అరువది యేండ్ల వఱకు కూడబెట్టిన ధనము ఆ తరువాత పది యేండ్లు సాగిన చాలునో, ముప్పది యేండ్లు సాగవలెనో ఎవ్వరును చెప్పజాలరు. వృద్ధాప్యమున ధనమును గూర్చిన చింతకు మూలము ఈ తెలియమియే.

పూర్వము ఈ భారమును ఉమ్మడి కుటుంబమును, భూమియు వహించెడివి. నేడు బీదరు పట్టణమునందును, దానిలో చేరియున్న చిద్రియందును నివసించు తెలుగు కుటుంబములలో పిల్లలు చదువుల కొఱకు, ఉద్యోగముల కొఱకు హైదరాబాదునకో, బెంగుళూరునకో, అంతకంటె దూరమునకో పోవుట సాధారణమైనది. పెద్దలు తమ వ్యయమును తామే చూచుకొనవలసి వచ్చుచున్నది. పదవీ విరమణ దినమున చేతికి వచ్చిన మొత్తమును ఏమి చేయవలెనన్న ప్రశ్న అట్టివారికి ఉదయించును. బీమా సంస్థలు అందుల కిచ్చు సమాధానమే యాన్యుటీ. దీనినే ఈ వ్యాసమున భృతి యని వ్యవహరించుట జరుగుచున్నది. ఇది స్థిరమని, చరమని రెండు విధములు. వీనిలో ఒకదానిని ఎన్నుకొని సంతకము చేసిన పిమ్మట సాధారణముగా వెనుకకు తీసికొనుటకు వీలుండదు. కనుక సంతకమునకు పూర్వమే వీని స్వభావమును తెలిసికొనుట గృహస్థునకు అవసరము.

భృతి యనగా నేమి

భృతి యను భావము మనకు క్రొత్తది కాదు. పండితునకో, అర్చకునకో ఏటేట ముట్టజెప్పు ద్రవ్యమును తెలుగువారు వర్షాశనమనిరి. బీదరు చేరియుండిన నిజాము రాజ్యమున ఏటి లెక్కన ఇచ్చునది సాలియానా యనియు, దినభత్యపు లెక్కన ఇచ్చునది యౌమియా యనియు పేర్కొనబడెను. అయితే ఇవి ప్రభువు దయచే లభించినవి. ఆధునిక భృతి క్రయవస్తువు. కొనువాడు ఒక్కసారిగానో, వాయిదాలుగానో సొమ్ము చెల్లించును. సంస్థ అతడు జీవించియున్నంత కాలము నెలకో, ఏటికో కొంత యిచ్చుటకు మాట యిచ్చును.

జీవిత బీమాకు ఇది విపర్యయము. అకాలమరణమున కుటుంబము చిక్కులలో పడకుండుటకు జీవిత బీమా. దీర్ఘాయువున ధనము చాలక చిక్కులలో పడకుండుటకు భృతి. ఒకని ఆయువును ఎవ్వరును లెక్కింపలేకున్నను వేయిమంది ఆయువుల సగటును లెక్కింపవచ్చును. 1671లో హాలెండు దేశపు యోహాన్ డి విట్, 1693లో ఇంగ్లండునందలి ఎడ్మండ్ హేలీ ఈ గణితమునకు పునాది వేసిరి. తోకచుక్క పేరుతో మనము ఎఱిగిన హేలీయే బ్రెస్లా నగరపు జననమరణ పట్టికలను పరిశీలించి ఏ వయసువాని భృతికి ఎంత వెల యుండదగునో లెక్కగట్టెను.

ఒక లెక్కచే ఈ విషయము విశదమగును. ఒకడు 10 లక్షల రూపాయలను తనయొద్దనే యుంచుకొని, దానిపై ఏటికి 7 శాతము వడ్డీ పొందుచు, ఏటేట 90,000 రూపాయలు వాడుకొనినచో ఆ ధనము రమారమి 22 సంవత్సరములలో నిశ్శేషమగును. అరువదవ యేట ప్రారంభించినవాడు ఎనుబది రెండవ యేట రిక్తహస్తుడగును. డెబ్బదవ యేట మరణించినచో చాల భాగము మిగిలిపోవును. వేయిమంది కలిసి ఒకే నిధిలో ధనము వేసినచో శీఘ్రముగా గతించినవారి శేషము దీర్ఘాయుష్మంతులకు ఉపయోగపడును. భృతి యొక్క బలమంతయు ఈ పరస్పర సహాయమునందే యున్నది. ఇది స్థిర భృతికిని, చర భృతికిని సమానము. ఆ నిధిని ఎచ్చట పెట్టుబడి పెట్టుదురు, లాభనష్టములు ఎవరివి అను విషయముననే భేదము.

కౌలును, పాలును

ఈ భేదమును గ్రహించుటకు పొలము కంటె మంచి దృష్టాంతము లేదు. బీదరు ప్రాంతమున కంది, పెసర, మినుము, సోయా, జొన్న పండించు రైతు తన పొలమును పరులకిచ్చుటకు రెండు మార్గములు కలవు. ఒకటి కౌలు. పంట పండినను, ఎండినను ఏటికింత అని ముందే నిర్ణయించుకొనుట. రెండవది పాలు. పండినదానిలో ఇంత భాగమని ఒడంబడిక. పాలు అను మాట ఈ అర్థమున కన్నడమునను, తెలుగునను ఒక్కటియే.

కౌలునకిచ్చినవానికి అనావృష్టి భయము లేదు. కాని కందుల ధర రెట్టింపైనను అతనికి ఒక్క రూపాయి అధికముగా రాదు. పాలునకిచ్చినవాడు మంచి యేట ఎక్కువయు, కఱవు నాట తక్కువయు పొందును. స్థిర భృతి కౌలు వంటిది. చర భృతి పాలు వంటిది. అయితే ఈ ఉపమానమునకు ఒక హద్దు కలదు. పాలు సేద్యమున నష్టమును ఇరువురు పంచుకొందురు. చర భృతిలో పెట్టుబడి నష్టమంతయు సొమ్ము వేసినవానిదే. సంస్థ తన రుసుమును ఏటేట తీసికొనుచునే యుండును. సంస్థ వహించు భారము ప్రధానముగా కొనువాని దీర్ఘాయువునకు సంబంధించినది.

స్థిర భృతి

స్థిర భృతిలో సంస్థ కొనువాని ధనమును ప్రభుత్వ ఋణపత్రములు మొదలగు వానిలో నిలిపి, నెలకింత అని నిర్ణయించిన మొత్తమును జీవితాంతము చెల్లించును. విపణి పడినను, వడ్డీ రేట్లు తగ్గినను ఆ అంకె మారదు. లెక్కలు చూచుకొను ఓపిక లేని వృద్ధునకు, విశేషించి భర్త మరణానంతరము ఒంటరిగా మిగిలిన స్త్రీకి, ఈ నిశ్చలత్వము గొప్ప ఊఱట.

భారతదేశమున ఈ వ్యాపారమున పెద్దది జీవిత బీమా సంస్థ. 1956 సెప్టెంబరు 1న 245 సంస్థలను విలీనము చేసి కేంద్ర ప్రభుత్వము దీనిని స్థాపించెను. డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1925లో బందరున నెలకొల్పిన ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ వ్యాపారమును ఇందులోనే కలిసెను. 1956 నాటి చట్టపు 37వ విభాగము ప్రకారము ఈ సంస్థ పాలసీలపై చెల్లింపవలసిన మొత్తములకు కేంద్ర ప్రభుత్వము హామీ యిచ్చుచున్నది. తదితర సంస్థలకు ఇట్టి హామీ లేదు. అవి నియంత్రణ సంస్థ విధించిన మూలధన నిబంధనలకు లోబడి పనిచేయును.

2021 ఏప్రిలు 1 నుండి సరళ్ పెన్షన్ అను పేర ఒకే విధమైన నిబంధనలు గల స్థిర భృతిని జీవిత బీమా సంస్థలన్నియు అమ్మవలెనని ఏర్పాటైనది. ఇందు రెండే పద్ధతులు. మొదటిదానిలో కొనువాడు బ్రదికినంత కాలము భృతియు, పిదప మూలధనము వారసునకును లభించును. రెండవదానిలో భార్యాభర్తలలో కడపటివారు బ్రదికినంత కాలము భృతి వచ్చి, పిమ్మట మూలధనము వారసునకు చేరును. నిబంధనలు సమానమైనను చెల్లించు మొత్తములు సంస్థ సంస్థకు వేఱుగా నుండును గనుక, పోల్చి చూచుట సులభమైనది.

మూలధనము తిరిగివచ్చు పద్ధతి సామాన్యునకు ఆకర్షణీయము. "మన సొమ్ము ఎక్కడికిని పోదు" అను తృప్తి కలుగును. కాని దానికి వెల కలదు. మూలధనమును వారసున కిచ్చుటకై సంస్థ దానిని ముట్టరాదు గనుక భృతి తక్కువగును. అది దాదాపు వడ్డీతో సమానమగును. పైన చెప్పిన పరస్పర సహాయపు బలము ఇందు చాల వఱకు లోపించును. మూలధనము తిరిగిరాని పద్ధతిలో అదే సొమ్మునకు నెలసరి ఎక్కువ వచ్చును. పిల్లలు స్థిరపడిన గృహస్థుడు తనకు వారసత్వము ముఖ్యమో, నెలసరి ముఖ్యమో నిజాయితీగా యోచింపవలెను.

స్థిరమైనది అంకెయే

స్థిర భృతిలోని పెద్ద లోపము దాని పేరుననే దాగియున్నది. స్థిరముగా నుండునది రూపాయల అంకె. ఆ రూపాయలకు వచ్చు జొన్నలు, నూనె, మందులు స్థిరము కావు. ధరలు ఏటికి 6 శాతము పెరిగినచో 5,000 రూపాయల భృతి 12 సంవత్సరముల పిదప నేటి 2,485 రూపాయలు కొను వస్తువులను మాత్రమే కొనును. 24 సంవత్సరముల పిదప 1,235 రూపాయల వస్తువులను మాత్రమే. అరువదవ యేట సుఖముగా ప్రారంభమైన భృతి ఎనుబదవ యేట, వైద్యవ్యయము హెచ్చిన సమయమున, చాలక పోవును.

అంకె ఒక్కటియైనను విలువ వేఱగుట బీదరువారికి ఎఱుకయే. నిజాము కాలమున ఇచ్చట హాలీ సిక్కా రూపాయి చెల్లెడిది. బ్రిటిషు ఇండియాలోని రూపాయిని కల్దారు అనెడివారు. 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలు మారకము. నూఱు రూపాయల జీతమన్నచో ఏ నూఱని అడుగవలసి యుండెను. నేడు నాణెము ఒక్కటియే. కాని ఈనాటి రూపాయియు, ఇరువది యేండ్ల తరువాతి రూపాయియు రెండు వేఱు నాణెములని భావించుట మేలు.

ఉద్యోగుల భవిష్యనిధి పింఛను పథకము దీనికి ప్రత్యక్ష నిదర్శనము. 1995 నాటి ఆ పథకమున కనీసపు పింఛను 2014 సెప్టెంబరులో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయింపబడెను. దానికి కఱవు భత్యము లేదు. పది యేండ్లు గడచినను ఆ అంకె మారలేదు. ఈ మధ్య ధరలు మాత్రము ఆగలేదు.

2015లో ప్రారంభమైన అటల్ పెన్షన్ యోజన సంగతియు యోచింపదగినది. 18 మొదలు 40 యేండ్ల వయసులో చేరినవారికి 60వ యేట నుండి నెలకు 1,000 మొదలు 5,000 రూపాయల వఱకు కనీస పింఛనుకు ప్రభుత్వము హామీ యిచ్చుచున్నది. పింఛనుదారుని పిమ్మట భార్యకో, భర్తకో అంతే మొత్తము, ఆ పిమ్మట నిధి వారసునకు చేరును. 18వ యేట చేరినవాడు 5,000 రూపాయల కొఱకు నెలకు 210 రూపాయలు కట్టవలెను. కూలివానికి, చిన్న దుకాణదారునకు ఇది సదుపాయమైన పథకము. కాని ఆ 5,000 అతని చేతికి 42 సంవత్సరముల పిదప వచ్చును. ఏటికి 5 శాతము ధరలు పెరిగినచో అది చేరిన నాటి 644 రూపాయలతో సమానము. పెట్టుబడిపై అనుకొన్నదాని కంటె అధిక లాభము వచ్చిన పింఛను పెరుగవచ్చును గాని హామీ మాత్రము ఆ అంకె వఱకే. కనుక ఇది ఆసరాయే గాని సంపూర్ణాధారము కాజాలదు.

చర భృతి

రెండవ ప్రపంచ యుద్ధకాలమునను, దాని వెనుకను ధరలు మిక్కుటముగా పెరుగగా అమెరికాలో పదవీ విరమణ చేసిన ఆచార్యులకు ఇదే కష్టము సంభవించెను. 1918లో వారికొఱకు స్థాపింపబడిన టి.ఐ.ఏ.ఏ. అను సంస్థ స్థిర భృతినిచ్చెడిది. ఆ సంస్థ 1952లో సి.ఆర్.ఇ.ఎఫ్. అను నిధిని నెలకొల్పి, ధనమును కంపెనీల వాటాలలో నిలిపి, వాని విలువను బట్టి హెచ్చుతగ్గులు గల భృతినిచ్చుటకు ప్రారంభించెను. చర భృతికి ఇది ఆద్యము. సంస్థాపకులు దీనిని స్థిర భృతికి తోడుగనే నిలిపిరి. దానిని తొలగించి దీనిని నిలుపలేదు. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

దీని పనితీరు ఇట్టిది. కొనువానికి రూపాయల అంకె కాక యూనిట్ల సంఖ్య స్థిరముగా నిర్ణయింపబడును. యూనిటు విలువ నిధి లాభనష్టములను బట్టి మారును. ఆరంభమున సంస్థ ఒక వడ్డీ రేటును ఊహించి మొదటి భృతిని లెక్కగట్టును. ఆ రేటు 4 శాతమనియు, మొదటి భృతి నెలకు 6,000 రూపాయలనియు అనుకొందము. ఆ యేడు నిధి సరిగా 4 శాతము ఆర్జించినచో మరుసటి యేటి భృతియు 6,000 గనే యుండును. 10 శాతము ఆర్జించినచో 6,346 అగును. ఏమియు ఆర్జింపనిచో 5,769కి తగ్గును. 10 శాతము నష్టపోయినచో 5,192కును, 20 శాతము నష్టపోయినచో 4,615కును దిగును. నిధి కొంత లాభించినను, ఊహించిన రేటును అందుకొననిచో భృతి తగ్గును. ఈ సూక్ష్మము చాలమందికి తెలియదు. ఊహించు రేటు హెచ్చైన కొలది మొదటి భృతి పెద్దదిగా కనబడును. కాని తరువాతి పెరుగుదల మందగించును. మొదటి నెల అంకెను మాత్రమే చూచి మురియుట తగదు.

ఇందు నష్టభారము కొనువానిదే యను విషయము 1959లో అమెరికా సుప్రీము కోర్టు ముందుకు వచ్చెను. పెట్టుబడి నష్టమంతయు కొనువానిపై మోపు ఒడంబడిక బీమాగా మాత్రమే పరిగణింపబడదనియు, అది వాటాల విక్రయమునకు వర్తించు చట్టములకు లోబడవలెననియు న్యాయస్థానము తీర్పు చెప్పెను. అందుచే ఆ దేశమున దీనిని అమ్మువారు నిధి వివరములు, రుసుములు, నష్టావకాశములు గల వివరణపత్రమును కొనువాని కొసగవలెను. అచ్చట స్థిరపడిన తెలుగువారు ఆ పత్రమును చదువకుండ సంతకము చేయరాదు.

ఏలయన రుసుముల ప్రభావము స్వల్పము కాదు. నిధి నిర్వహణకు, మరణ సమయపు హామీకి, ఇతర హామీలకు కలిపి ఏటికి 2 శాతమును మించి తీసికొనుటయు కలదు. 10 లక్షలు ఏటికి 8 శాతము చొప్పున 20 సంవత్సరములు వృద్ధిపొందినచో 46.6 లక్షలగును. 2 శాతము రుసుమునకు పోయి 6 శాతమే మిగిలినచో 32 లక్షలు మాత్రమే యగును. భేదము 14 లక్షలకు పైబడును. దీనికి తోడు మొదటి కొన్ని సంవత్సరములలో ధనమును వెనుకకు తీసికొన్నచో జరిమానాయు కలదు.

మన దేశమున ఈ రెండును

అమెరికాలోని చర భృతి ఆ రూపముననే మన సామాన్యులకు అలవాటైనది కాదు. ఇచ్చట దాని లక్షణములు కూడబెట్టు దశలోనే ఎక్కువగా కానవచ్చును. యూనిట్లతో ముడిపడిన పింఛను పాలసీలు, జాతీయ పింఛను పథకము ఇట్టివి. జాతీయ పింఛను పథకము 2004 జనవరి 1 నుండి కేంద్రోద్యోగమున చేరినవారికిని, 2006 ఏప్రిలు 1 నుండి కర్ణాటక ప్రభుత్వోద్యోగమున చేరినవారికిని వర్తించెను. 2009లో దేశీయులందఱకు ఇది అందుబాటులోనికి వచ్చెను. ఇందు ఉద్యోగకాలమంతయు నిధి విపణిని బట్టి పెరిగి తఱుగుచుండును. ప్రభుత్వోద్యోగి పదవీ విరమణ నాడు నిధిలో కనీసము 40 శాతముతో భృతిని కొనవలెననుట సాధారణ నియమము; అన్యుల విషయమున నిష్పత్తులు వేఱు.

అనగా మనవాడు ఒకే జీవితమున రెండు విధముల అనిశ్చయమునకు లోనగుచున్నాడు. కూడబెట్టునపుడు చరము, అనుభవించునపుడు స్థిరము. విరమణ దినమున విపణి ఎచ్చట నున్నదో దానిని బట్టి నిధి. ఆ దినపు వడ్డీ రేట్లు ఎట్లున్నవో దానిని బట్టి జీవితాంతపు భృతి. బొంబాయి సూచీ 2007 చివర 20,287 వద్ద నుండి 2008 చివరకు 9,647కు దిగెను. 2020 జనవరిలో 42,000 దాటిన సూచీ మార్చి 23 నాటికి 26,000 లోపునకు పడెను. రెండు సందర్భములలోను అది తరువాత కోలుకొన్నది. కాని ఆ సమయముననే తన వాటాలనన్నింటిని అమ్ముకొనవలసి వచ్చినవానికి ఆ కోలుకొనుట వలన ప్రయోజనము లేదు.

వడ్డీ రేట్ల మార్పునకును నిదర్శనములు కలవు. 2003లో జీవిత బీమా సంస్థ ద్వారా ప్రారంభమైన వరిష్ఠ పింఛను బీమా యోజన 9 శాతము ఫలమును హామీ యిచ్చెను. 2017లో వచ్చిన ప్రధానమంత్రి వయ వందన యోజన 8 శాతముతో మొదలై 2020లో 7.4 శాతమునకు తగ్గి, 2023 మార్చి 31న ముగిసెను. కొన్నవానికి భృతి స్థిరమే; కాని ఏ నాడు కొన్నాడను విషయము అతని అదృష్టమును నిర్ణయించెను.

ఈ రెండు దోషములను తొలగించునది ధరలను బట్టి కఱవు భత్యము పెరుగు పింఛను. పాత పద్ధతిలో ప్రభుత్వోద్యోగులకు లభించునది ఇదియే. 2025 ఏప్రిలు 1 నుండి కేంద్రోద్యోగులకు ఏర్పడిన ఏకీకృత పింఛను పథకము 25 సంవత్సరముల సేవ గలవారికి చివరి 12 నెలల మూలవేతనపు సగటులో సగము హామీ యిచ్చుచు దానికి కఱవు భత్యమును జేర్చినది. ఇట్టి హామీ గల గృహస్థుడు స్థిర భృతికై తహతహ పడనక్కఱలేదు. అది లేని వ్యాపారి, చేతిపనివాడు, చిన్న సంస్థల ఉద్యోగి మాత్రము తన ఏర్పాటును తానే చేసికొనవలెను. వెండి తీగ పొదిగి బిద్రి పాత్రలు చేయు పనివానికి కంటిచూపు తగ్గిన నాడే ఆదాయము తగ్గును. అతనికి పింఛను నిచ్చు యజమాని లేడు.

పేరు ఒకటి, స్వభావము వేఱు

స్థిరమను పేరు గలది సర్వదా సురక్షితమనుకొనుట పొరపాటని ఇంగ్లండునందలి ఈక్విటబుల్ లైఫ్ చరిత్ర చాటుచున్నది. 1762లో స్థాపింపబడిన ఆ సంస్థ, వడ్డీ రేట్లు హెచ్చుగా నున్న రోజులలో, భవిష్యత్తులో ఫలానా రేటున భృతినిత్తుమని పాలసీలలో వ్రాసి యిచ్చెను. రేట్లు పడిపోగా ఆ మాట నిలుపుకొనుటకు తగిన నిధి లేకపోయెను. 2000 జూలైలో ప్రభువుల సభ ఆ హామీని పాటింపవలసినదే యని తీర్పు చెప్పగా, ఆ సంవత్సరము డిసెంబరులో సంస్థ క్రొత్త వ్యాపారమును మూసివేసెను. వాగ్దానము ఎంత స్థిరమైనదో అనుదానికంటె, వాగ్దానము చేసినవాడు ఎంత స్థిరుడో అనుదానిని ముందు విచారింపవలెను.

చరమైనదానిని స్థిరమని నమ్మినవారి కథ మన దేశముననే కలదు. యూనిట్ ట్రస్టు 1964లో ప్రవేశపెట్టిన యూనిట్ స్కీము 64లో లక్షలాది మధ్యతరగతివారు విరమణ ధనమును దాచిరి. ఆ ధనములో పెద్ద భాగము వాటాలలో నుండెను. కాని యూనిట్ల వెలను నిజపు విలువను బట్టి కాక ట్రస్టే నిర్ణయించెడిది. ఏటేట క్రమముగా లాభము వచ్చుటచే ప్రజలు దీనిని బ్యాంకు డిపాజిటుతో సమానముగా భావించిరి. 2001 జూలైలో ట్రస్టు యూనిట్ల క్రయవిక్రయములను కొంతకాలము నిలిపివేయగా దాని స్వభావము వెల్లడియయ్యెను. తరువాత ప్రభుత్వము కలుగజేసికొని చిన్న మదుపుదారులను కొంత ఆదుకొన్నది. ధనము ఎచ్చట పెట్టుబడి యైనదో విచారింపక, ఇన్నాళ్ళు వచ్చినది గనుక ఇకపై కూడ వచ్చునని నమ్ముట కారాదని ఇందు పాఠము.

సామాన్యుడు పాటింపదగిన క్రమము

పై విచారణ వలన స్థిర భృతి మంచిదా, చర భృతి మంచిదా యను ప్రశ్నయే సరియైనది కాదని తేలుచున్నది. ఒకటి మూలధనము కరగు భయమును తీర్చి, ధరల భయమును మిగుల్చును. రెండవది ధరలను ఎదుర్కొను ఆశను ఇచ్చి, విపణి భయమును తెచ్చును. ఏ భయమును ఎంత వఱకు భరింపగలడో గృహస్థుడే నిర్ణయించుకొనవలెను.

మొదట ఇంటి వ్యయమును రెండుగా విభజింపవలెను. తిండి, అద్దె, మందులు, విద్యుత్తు మొదలగు తప్పనిసరి వ్యయము ఒకటి. పండుగలు, ప్రయాణములు, కానుకలు మొదలైనవి రెండవది. నెలకు 20,000 వ్యయము గల ఇంట 12,000 తప్పనిసరి యైనచో ఆ 12,000 స్థిరమైన మార్గముల నుండియే రావలెను. ఇప్పటికే వచ్చు పింఛను, ఇంటి అద్దె ఇందులో లెక్కింపవచ్చును. తక్కువపడిన దానికే స్థిర భృతిని కొనవలెను. వృద్ధుల పొదుపు పథకము వంటివి భృతులు కాకున్నను, అయిదేండ్లపాటు స్థిరమైన వడ్డీ నిచ్చుచు మూలధనమును చేతిలోనే యుంచును. 2023 ఏప్రిలులో అందలి పరిమితి 30 లక్షలకు పెరిగినది.

మిగిలిన ధనములో కొంత విపణికి సంబంధించిన మార్గములలో నుంచవచ్చును. అందు మంచి యేటి అధిక లాభమును ఖర్చు చేయక, ధరలు పెరిగి స్థిర భృతి చాలని కాలమునకై నిలువ చేయవలెను. మూడు నాలుగేండ్ల వ్యయమునకు సరిపడు సొమ్మును వాటాలలో ఉంచరాదు. పడిన విపణిలో అమ్ముకొను గతి పట్టరాదు. జాతీయ పింఛను పథకమున మొత్తముగా తీసికొనదగిన భాగమును క్రమముగా వాయిదాలలో తీసికొను వీలు 2023 అక్టోబరు నుండి కలదు. అయితే ఇట్టి వాయిదాలు నిధి ఉన్నంత వఱకే. ప్రాణమున్నంత వఱకు కావు.

భృతిని ఒకే దినమున మొత్తము ధనముతో కొనుట కంటె 60వ యేట కొంత, 65వ యేట కొంత, 70వ యేట కొంత కొనుట మేలు. వయసు పెరిగిన కొలది అదే సొమ్మునకు హెచ్చు భృతి లభించును. ఒక్క దినపు వడ్డీ రేటుపై జీవితమంతయు ఆధారపడదు.

భార్యను గూర్చిన యోచన అన్నింటికంటె ముఖ్యము. ఒక్కని పేర, మూలధనము తిరిగిరాని భృతిని కొన్నచో నెలసరి అంకె పెద్దదిగ నుండును. అతడు గతించిన దినముననే అది ఆగిపోవును. సాధారణముగా భార్య చిన్నది, స్త్రీల ఆయువును అధికము. కనుక ఇరువురిలో కడపటివారు జీవించునంత కాలము వచ్చు ఉమ్మడి భృతిని, అంకె కొంత తక్కువైనను, ఎన్నుకొనుట ధర్మము. పత్రముపై సంతకము చేయు దినమున ఆమెకును విషయమంతయు తెలియవలెను.

కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. భృతి యంకె హామీయా, అంచనాయా? ధనము ఎచ్చట పెట్టుబడి యగును? ఏటేట రుసుమెంత? నడుమ ధనము కావలసినచో వచ్చునా, ఎంత కోత యుండును? మరణానంతరము ఎవరికేమి వచ్చును? భృతిపై ఆదాయపు పన్ను చెల్లింపవలసి యుండునా? వీనికి సమాధానములను నోటిమాటగా గాక కాగితముపై చూడవలెను. బీదరులో పాలసీ పత్రములు ఆంగ్లమునను, హిందీలోను, కన్నడమునను వచ్చుట గలదు. తెలుగు మాత్రమే చదువు వచ్చిన పెద్దలకు ఇంటిలోని చదువరులు ప్రతి పంక్తియు చదివి వినిపింపవలెను. పత్రము అందిన పిదప నచ్చనిచో తిరిగి యిచ్చుటకు 2024 నుండి 30 దినముల గడువు కలదు. ఆ గడువు గడచిన పిమ్మట విచారించి ప్రయోజనము లేదు.

ఉపసంహారము

కౌలునకిచ్చిన చేను, పాలునకిచ్చిన చేను రెండును గల రైతు కఱవు యేట కౌలుపై బ్రదుకును. మంచి యేట పాలుపై గాదె నింపుకొనును. ఒక్క చేనే గలవాడు మొదట తిండి గింజలకు నిశ్చయము చేసికొని, పిదపనే లాభమును యోచించును. వృద్ధాప్య ధనమునకును ఇదే న్యాయము. తప్పనిసరి వ్యయమునకు స్థిరము, పెరుగు ధరలకు చరము, రెండింటికిని వెనుక నమ్మదగిన సంస్థ, ముందు చదివిన పత్రము. ఈ నాలుగు కూడిన గృహస్థుడు తన ఆయువు దీర్ఘమగుటను చూచి భయపడవలసిన పని యుండదు.